ఊపిరిలో తోకచుక్కలు

మనుచరిత్ర చదివినవారికి ప్రవరుని హిమాలయ యాత్ర కొత్త కాదు. అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం విడిచి ఎరుగని ఆ గృహస్థు, ఇంటికి వచ్చిన సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని, తలచినంతలో మంచుకొండ మీద వ్రాలాడు. మంచునీటికి ఆ లేపనం కరిగిపోయి మరలిరాలేకపోవడమే ఆయనకు వచ్చిన ఇబ్బంది. ఆయాసాన్ని గాని, తలనొప్పిని గాని, నిద్రపట్టని రాత్రిని గాని పెద్దనగారు ఆయనకు కల్పించలేదు. కావ్యానికి వాటి అవసరమూ లేదు.

ఈనాడు ఆ పాదలేపనం మనకు విమానం టికెట్టు రూపంలో దొరుకుతున్నది. నిన్న విశాఖపట్నంలో సముద్రపు గాలి పీల్చినవాడు నేడు లేహ్‌లో 3,500 మీటర్ల ఎత్తున దిగుతున్నాడు. మానససరోవరం దాదాపు 4,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అమర్‌నాథ్ గుహ దాదాపు 3,900 మీటర్లు. మన తెలుగువారెందరో ఈ చోట్లకు వెళ్ళివచ్చారు. కొండ ఎక్కడం సులువైన కొద్దీ, కొండ మీద వచ్చే ఒక విచిత్రమైన జబ్బుకు మనం దగ్గరవుతున్నాము. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి, అతని ఒంట్లోని నీరే ఊరుతుంది. పొడినేల మీద, మంచు మధ్యన, తన నీటిలో తానే మునిగిపోతాడు.

తెలుగు పంతులుకు ఊపిరితిత్తుల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఇది వైద్యశాస్త్ర చరిత్రే. అయినా చదువుకొంటూ పోగా నాకిది చదవడాన్ని గురించిన కథగా తోచింది. గుర్తు కంటి ఎదుటనే ఉండగా, దానిని సరిగా చదివేవాడు లేక ప్రాణాలు పోయిన కథ. అందుకే ఈ టపా.

ముందుగా జబ్బు సంగతి. ఎత్తుకు పోయిన కొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. ఎక్కడైనా నూటికి 21 వంతులే. తగ్గేది గాలి ఒత్తిడి. దాదాపు 5,500 మీటర్ల వద్ద అది సముద్రతీరంలో ఉన్నదానిలో సగం. అంటే ఒక్కొక్క ఊపిరికీ సగం ప్రాణవాయువే అందుతుంది. ఇక్కడ మన శరీరంలోని ఒక మంచి ఏర్పాటే శత్రువుగా మారుతుంది. ఊపిరితిత్తిలో ఏదైనా ఒక భాగానికి గాలి అందకపోతే, అక్కడి రక్తనాళాలు ముడుచుకొని, గాలి బాగా ఆడే చోటికి రక్తాన్ని మళ్ళిస్తాయి. 1946లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఫన్ ఆయ్‌లర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో దీనిని నిరూపించారు. డెల్టా రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. నీరు అక్కరలేని పొలానికి తూము మూసి, కావలసిన పొలానికి వదలడం వంటిదే ఇది. కాని కొండ మీద ఊపిరితిత్తి అంతటికీ ప్రాణవాయువు తక్కువే. తూములన్నీ ఒక్కసారిగా మూతపడబోతాయి. అన్నీ సమానంగా మూతపడవు కూడా. కొన్ని గట్టిగా, కొన్ని వదులుగా. వదులుగా ఉన్నవాటి మీదికి వరద అంతా వచ్చి పడి గండి కొడుతుంది. సన్నని రక్తకేశనాళికల గోడలు ఒత్తిడికి తాళలేక నీటిని వాయుగోణుల్లోకి వదిలేస్తాయి. గుండె బాగానే ఉంటుంది. సూక్ష్మజీవి ఏదీ కారణం కాదు. తప్పు ఎక్కడ ఉన్నదో తెలియకపోవడానికి ఇదే హేతువు.

సాధారణంగా ఎత్తుకు చేరిన రెండు నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువగా రాత్రివేళ, ఈ జబ్బు ముదురుతుంది. మొదట నడకలో వెనుకబడడం, పిమ్మట పొడిదగ్గు, కూర్చున్నా తగ్గని ఆయాసం, పెదవులు నీలిబారడం, చివరకు గులాబిరంగు నురగ.

రొమ్ములో నీరున్నదని పైనుంచి తెలుసుకోవడం ఎట్లా? వైద్యులకు ఇది పాత ప్రశ్నే. 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఔవెన్‌బ్రుగర్ రొమ్మును వేళ్ళతో తట్టి, ధ్వనిలోని తేడాను బట్టి లోపలి స్థితిని చెప్పవచ్చునని గ్రంథం వ్రాశాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడనీ, పీపాలో ద్రాక్షసారా ఎంతవరకున్నదో తట్టి చూడడం అక్కడే నేర్చాడనీ చెబుతారు. కొబ్బరికాయను తట్టి నీళ్ళున్నవో లేవో చెప్పే మన ఆడవారికి ఈ విద్య వింత కాదు. 1816లో ఫ్రాన్సు వైద్యుడు లానెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రొమ్ము మీద పెట్టి విన్నాడు, స్టెతస్కోపు పుట్టింది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనుగొన్నాడు. తట్టడం, వినడం, చూడడం - వరుసగా మూడు విద్యలు వచ్చాయి. అయినా కొండజబ్బు మాత్రం చాలాకాలం దొరకలేదు.

దొరకలేదనడం కంటె, దొరికి జారిపోయిందనడం న్యాయం. 1891లో మాంట్ బ్లాంక్ శిఖరానికి కొంత దిగువన, 4,300 మీటర్లకు పైనున్న వాలో పరిశోధన కుటీరంలో జాకొటే అనే యువ వైద్యుడు జబ్బుపడ్డాడు. క్రిందికి పొమ్మన్నా పోలేదు. ఎత్తు తన శరీరం మీద చూపే ప్రభావాన్ని స్వయంగా గమనించాలన్నది ఆయన పట్టుదల. అక్కడే ప్రాణం విడిచాడు. శవపరీక్షలో ఊపిరితిత్తుల నిండా నీరు కనిపించింది. ఆ వివరం ఇటలీ శాస్త్రజ్ఞుడు ఏంజెలో మోసో గ్రంథంలోకి ఎక్కింది. పర్వత శరీరధర్మశాస్త్రానికి ఆదిగ్రంథాలలో ఒకటిగా లెక్కించే పుస్తకం అది. అంతటి గ్రంథంలో అచ్చయినా, ఆ నీరు ఒక ప్రత్యేకమైన జబ్బుకు గుర్తు అని వైద్యలోకం గ్రహించలేదు.

1913లో మరొక అవకాశం వచ్చింది. చిలీ దేశపు ఆండీస్ పర్వతాల్లో ఒక గనుల కంపెనీకి వైద్యుడుగా ఉన్న రావెన్‌హిల్, సముద్రతీరంలో రైలెక్కి నేరుగా 4,600 మీటర్ల పైకి వచ్చే మనుషులను పరీక్షించేవాడు. నడుమ ఆగి ఎత్తుకు అలవాటుపడే వీలు ఆ రైలు ప్రయాణంలో లేదు. ప్రవరుని పసరు వంటిదే ఆ రైలు. అక్కడివారు ‘పూనా’ అని పిలిచే కొండజబ్బును ఆయన మూడు విధాలుగా విడదీశాడు: సాధారణమైనది, గుండెకు సంబంధించినది, నాడులకు సంబంధించినది. రెండవదాని వర్ణనలో నీలిబారిన ముఖం, రొమ్ములో చిటపట ధ్వనులు, నురగతో కూడిన కఫం అన్నీ ఉన్నాయి. మనం చెప్పుకుంటున్న జబ్బు అదే. మూడవది మెదడులో నీరు చేరడం. పేరు మాత్రం గుండెకు తగిలించాడు. వ్యాసం అచ్చయింది, దాదాపు అర్ధశతాబ్దం దానిని తిరగేసినవారు లేరు.

ఈలోపు కొండల మీద పోయినవారికి వైద్యులు వ్రాసిన పేరు ఒక్కటే: న్యుమోనియా. 1954లో కె2 శిఖరానికి వెళ్ళిన ఇటలీ బృందంలో మారియో పుచోజ్ అనే దృఢకాయుడైన పర్వత మార్గదర్శి రెండవ శిబిరంలో మరణించాడు. అప్పుడు న్యుమోనియా అనే అన్నారు. నీరు చేరడం వల్లనే పోయి ఉంటాడని తరువాతివారి అభిప్రాయం. పేరులో ఏమున్నదంటారా? పేరులోనే మందున్నది. న్యుమోనియా అనుకుంటే పడుకోబెట్టి పెన్సిలిన్ ఇస్తారు. ఈ జబ్బుకు కావలసింది పడక కాదు, కొండ దిగడం. తప్పు పేరు రోగిని మృత్యువు దగ్గరనే కూర్చోబెట్టింది.

పెరూ వైద్యులు తమ స్పానిష్ భాషలో ఈ జబ్బును ముందే గుర్తించి వ్రాశారు. ఆంగ్లం చదివే లోకానికి అది చేరలేదు. మాతృభాషలో వ్రాసే మనకు ఈ ముక్క ఆలోచించదగింది. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ కొలరాడో కొండల్లో స్కీయింగుకు పోయి ఆయాసపడిన ఆరోగ్యవంతుడైన యువకుని ఉదంతాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించాడు. ఇది న్యుమోనియా కాదు, గుండెజబ్బూ కాదు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడమని స్పష్టంగా చెప్పాడు. హూస్టన్ స్వయంగా 1938లోనూ 1953లోనూ కె2 యాత్రలకు నాయకత్వం వహించినవాడు. కొండా తెలుసు, వైద్యమూ తెలుసు. గుర్తును చదవడానికి రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవవలసి వచ్చింది.

ఆ తరువాత రెండేళ్ళకే మన దేశం ఈ పాఠాన్ని మిక్కిలి ఖరీదుకు నేర్చుకున్నది. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లోని సైనికులను హుటాహుటిన హిమాలయాల పైకి తరలించారు. అలవాటుపడడానికి వ్యవధి లేదు. శత్రువు కనపడక ముందే సైనికులు ఆయాసంతో పడిపోయారు. ఆ కష్టకాలంలోనే మన సైనిక వైద్యులు చేసిన పరిశీలన లోకానికి ప్రమాణమయింది. 1965లో ఇందర్ సింగ్ బృందం 332 మంది రోగుల వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. అదే ఏడు మీనన్ లేహ్‌లో చూసిన 101 మంది రోగుల వృత్తాంతాన్ని అమెరికా పత్రికలో ప్రచురించాడు. ప్రపంచమంతటా విడివిడిగా పదులలో మాత్రమే తెలిసిన జబ్బు, మన సైనికుల బాధ వల్ల వందలలో వ్రాతకెక్కింది. ఆ అంకెల వెనుక ఏ ఊరివారున్నారో ఆ పట్టికలు చెప్పవు. చదివేటప్పుడు మనం తలచుకోవలసిన సంగతి అది.

ఇక అతిధ్వని కథ. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవిన్ ఆ గుణాన్ని ఉపయోగించి, చెవికి అందని ధ్వనిని నీటిలోకి పంపి, ప్రతిధ్వనితో జలాంతర్గాములను పసిగట్టే ఉపాయం చేశాడు. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అదే ఉపాయంతో కడుపులోని గడ్డలను చూపాడు. ఆపైన గర్భస్థ శిశువును చూసే యంత్రంగా అల్ట్రాసౌండ్ మన పట్టణాల దాకా వచ్చింది. కాని ఊపిరితిత్తికి అది పనికిరాదని అందరూ నమ్మారు. కారణం ఉన్నది. ఈ ధ్వని నీటిలోనూ మాంసంలోనూ చక్కగా సాగిపోతుంది. గాలి ఎదురైతే గోడకు కొట్టిన బంతిలా వెనక్కు వస్తుంది. ఊపిరితిత్తి అంతా గాలే. తెర మీద లోపలి బొమ్మ రాదు. పై పొర ప్రతిధ్వని మాత్రం అడ్డగీతలుగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

కొందరిలో మాత్రం ఆ అడ్డగీతల బదులు, ఊపిరితిత్తి పొర నుంచి తెర అడుగుదాకా నిలువుగా దిగే వెలుగుచారలు కనిపించేవి. శ్వాసతో పాటు అవి కదిలేవి. ఇటువంటి చారలకు ‘తోకచుక్క తోక’ అన్న పేరు 1982 నాటిది. మొదట వర్ణించింది ఊపిరితిత్తిలో కాదు, ఒకరి కాలేయంలో చిక్కుకున్న తుపాకీ రవ్వల వెనుక. అది యంత్రం చేసే దోషమనీ, నిజమైన బొమ్మ కాదనీ లెక్క. పారిస్ సమీపంలోని ఆసుపత్రిలో తీవ్ర చికిత్సా విభాగంలో పనిచేసే డానియెల్ లిక్టెన్‌స్టైన్ అనే వైద్యుడు ఈ దోషాన్నే పట్టుకున్నాడు. ఊపిరితిత్తిలోని సన్నని అరల గోడల్లో నీరు చేరితే, ధ్వని ఆ నీటికీ గాలికీ నడుమ చిక్కి అటూ ఇటూ కొట్టుకొని ఆ చారను గీస్తుందని వివరించాడు. తన రోగుల ఎక్స్‌రేలతో సరిపోల్చి 1997లో ప్రకటించాడు. చారలు పెరిగితే నీరు పెరిగినట్టు. బొమ్మ రాకపోయినా, బొమ్మను చెడగొట్టిన గీతలే సంగతి చెబుతున్నాయి.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇది ఎరుకైన మాటే. మన ఆలంకారికులు కావ్యదోషాలను చెబుతూ, కొన్ని అనిత్యదోషాలని, సందర్భాన్ని బట్టి గుణాలవుతాయని అన్నారు. చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం పునరుక్తి దోషం. శోకంలో ఉన్నవాడు అదే మాట పదిసార్లు అంటే అది రసపోషకం. అక్కడ పునరుక్తి, ఇక్కడ ప్రతిధ్వని. మనవారు ధూమకేతువును ఉత్పాత సూచనగా భావించేవారు. ఆకాశంలోని తోకచుక్క మాట ఎట్లా ఉన్నా, ఊపిరిలోని తోకచుక్క నిజంగానే ఉత్పాత సూచన అయింది.

ఈ రెండు కథలూ కలిసిన చోటు నేపాల్‌లోని ఫెరిచే. ఎవరెస్టు దారిలో 4,200 మీటర్లకు పైనున్న ఆ చిన్న ఊళ్ళో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశాల ఉన్నది. అటువంటి చోటికి ఎక్స్‌రే యంత్రాన్ని చేర్చడం, నడపడం మాటలు కాదు. చేతిపెట్టె అంతటి అల్ట్రాసౌండును మోసుకుపోవచ్చు. బోస్టన్ వైద్యులు ఫాగెన్‌హోల్జ్, ఆయన సహచరులు అక్కడ ఈ జబ్బుతో వచ్చిన 11 మందిని, జబ్బు లేని 7 గురిని పరీక్షించారు. రొమ్ము మీద 28 చోట్ల యంత్రం ఉంచి తోకచుక్కలను లెక్కపెట్టారు. రోగుల్లో సగటున 31 కనిపించాయి. జబ్బు లేనివారిలో సగటు ఒకటి కూడా లేదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గిన కొద్దీ చారల సంఖ్య పెరిగింది. రోగి కోలుకున్న కొద్దీ అవి తగ్గిపోయాయి. ఈ ఫలితాలు 2007లో చెస్ట్ పత్రికలో వచ్చాయి. 2009లో వచ్చిన మరొక వ్యాసం, ఎవరెస్టుకు టిబెట్ వైపున 6,400 మీటర్ల శిబిరంలో ఈ విద్యలో నిపుణులు కానివారు కూడా, దూరాన ఉన్న నిపుణుని సూచనలు ఉపగ్రహం ద్వారా వింటూ ఈ పరీక్ష చేయగలిగారని తెలిపింది. జాకొటే ఊపిరితిత్తిలో ఏమున్నదో తెలియడానికి ఆయన శవం కావలసి వచ్చింది. ఇప్పుడు మనిషి మాట్లాడుతూ ఉండగానే, కొన్ని నిమిషాల్లో తెలుస్తున్నది.

కథ ఇక్కడితో మంగళాంతమైతే బాగుండేది. కాని గుర్తు దొరకడం వేరు, అర్థం దొరకడం వేరు. 2010లో ప్రతాలి అనే ఇటలీ పరిశోధకురాలు, ఆమె సహచరులు నేపాల్ కొండలెక్కుతున్న 18 మందిని దారిపొడవునా పరీక్షించారు. 3,440 మీటర్ల వద్ద 15 మందిలో, 4,790 మీటర్ల వద్ద మొత్తం 18 మందిలోనూ తోకచుక్కలు కనిపించాయి. వారెవరికీ ఆయాసంతో పడిపోయే స్థితి రాలేదు. అంటే ఎత్తుకు పోయిన చాలామంది ఊపిరితిత్తుల్లో కొంత చెమ్మ ఊరుతుంది. ఎక్కువమందిలో అది తానే సర్దుకుంటుంది. తెర మీద చార కనబడగానే రోగి అనుకుంటే, కొండ మీద ఉన్నవాళ్ళందరూ రోగులే.

శబ్దార్థ నిర్ణయం చెప్పేటప్పుడు మన శాస్త్రకారులు ఇచ్చే ఉదాహరణ ఒకటి ఉన్నది. సైంధవం తెమ్మంటే, భోజనవేళ అయితే ఉప్పు తేవాలి. ప్రయాణవేళ అయితే గుర్రం తేవాలి. శబ్దం ఒక్కటే, ప్రకరణం అర్థాన్ని నిర్ణయిస్తుంది. తోకచుక్క కూడా అంతే. చలాకీగా నడుస్తూ, ఆకలిగా తింటున్నవానిలో రెండు మూడు చారలు ఒక మాట చెబుతాయి. నిన్నటి దాకా అందరికన్నా ముందు నడిచి, నేడు గుడారంలో కూర్చుని రొప్పుతున్నవానిలో అవే చారలు ముప్పయి కనిపిస్తే వేరు మాట చెబుతాయి. అందువల్ల యంత్రాన్ని చూసేవాడు మనిషిని కూడా చూడాలి.

నాతో పాటు పనిచేసిన హిందీ పండితులొకరు ఉద్యోగ విరమణ తరువాత మానససరోవర యాత్రకు వెళ్ళారు. ఎత్తుకు చేరిన రెండవ రాత్రి ఆయనకు పొడిదగ్గు పట్టుకున్నది, పడుకుంటే ఊపిరాడలేదు. తోటి యాత్రికులు చలికి జలుబు చేసిందన్నారు. మిరియాల కషాయం ఇచ్చారు. ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండా మరలుతామా అని ఆయనే అన్నారు. వారి వెంట ఉన్న షెర్పా మాత్రం ఆయన పెదవులు చూసి, తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దింపించాడు. దిగిన కొద్దీ ఊపిరి తేలికైందట. ఆ షెర్పా దగ్గర ఏ యంత్రమూ లేదు, చదవడం తెలుసు.

యంత్రం ఏ కొండ మీదికి వచ్చినా, మందు మాత్రం మారలేదు: దిగడం, ప్రాణవాయువు అందించడం. దిగడం వెంటనే సాధ్యం కాకపోతే నిఫెడిపిన్ అనే మాత్ర, మనిషిని లోపల ఉంచి గాలి ఒత్తిడి పెంచే సంచీ కొంత ఆదుకుంటాయి. రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక దినం అక్కడే ఆగాలనీ వైద్యుల నియమం. విమానంలో దిగినవారు మొదటి రెండు రోజులూ విశ్రాంతి తీసుకోవాలి. మొక్కుబడి, సెలవుల లెక్క, ఇచ్చిన అడ్వాన్సు - వీటిలో ఏదీ ఊపిరితిత్తికి తెలియదు.

మన ఇళ్ళనుంచి ఎవరైనా ఆ దారిన బయలుదేరుతుంటే, వారి సామానులో శాలువలూ పచ్చళ్ళూ సర్దేటప్పుడు ఈ ఒక్క మాట కూడా కట్టి పంపండి: ఎత్తు మీద రెండవ రాత్రి వచ్చిన దగ్గును జలుబు అనవద్దు. కారణం తేలేవరకు దానిని ఊపిరితిత్తుల్లో నీరనే భావించి, చీకటిలోనైనా సరే, కిందికి నడవండి. కొండ మరొక ఏడు కూడా అక్కడే ఉంటుంది.